దుప్పటి నాలుగో మూల

పొయ్యిలో బూడిద తీసి బకెట్లో పోసుకుని, వీధి కుళాయి దాకా ఉన్న మంచు మీద చల్లి రావడం వెరోనా రోజులో మొదటి పని. మా బొగ్గు లోయలో ఫిబ్రవరి వచ్చిందంటే దారి అద్దంలా గడ్డకడుతుంది. బూడిద పడకపోతే నీళ్ళకెళ్ళిన మనిషి నీళ్ళతో తిరిగిరాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ బూడిద ఆమే చల్లింది. ఇరవై రెండేళ్ళూ ఎవరూ జారిపడలేదు కాబట్టి, అక్కడ బూడిద ఉందన్న సంగతే ఎవరి కంటా పడలేదు.

ఒక్క సోమవారం చల్లలేదు. అత్తగారు పడింది.

తుంటి ఎముక బీటవారిందన్నాడు డాక్టరు. కాలికి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, ఈస్టర్ దాకా మంచం దిగకూడదన్నాడు. సాయంత్రం వెరోనా పని నుంచి వచ్చేసరికి ఇల్లంతా జనం. వరసలో ఉన్న పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళూ వంటింట్లోనే ఉన్నారు. ఆడపడుచు పావ్లీనా పొయ్యి దగ్గర నిలబడి, ఎవరితోనో చెబుతున్నట్టు గోడతో చెబుతోంది.

"కోడలుగారు సర్కారు ఉద్యోగం వెలగబెడుతున్నారు కదా! బూడిద చల్లడానికి తీరికెక్కడిది? ఊళ్ళోవాళ్ళ మంచాలు సర్దడానికైతే తీరికుంటుంది."

వెరోనా కోటు విప్పలేదు. మొగుడి వైపు చూసింది. మాతూష్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, దగ్గు రాకపోయినా దగ్గాడు. ఆ పొద్దున ఆరింటికి, చీకట్లోనే బయల్దేరుతూ అతనితో చెప్పింది తను: "ఇవాళ డఫీల ఇంట్లో పసిదానికి జ్వరంట, ముందే వెళ్ళాలి. బూడిద తీసి గుమ్మంలో పెట్టాను, కాస్త చల్లెయ్." అతను ఊఁ అన్నాడు. ఊఁ అన్న మనిషి ఇప్పుడు కిటికీలోంచి బొగ్గుగుట్ట వైపు చూస్తున్నాడు. వెరోనా నోటి చివరిదాకా వచ్చింది మాట. ఇంతమంది ముందు అంటే అతనికి మిగిలేదేముంది అనిపించింది. మింగేసింది. ఆడదాని కడుపు రొట్టెతో నిండేది తక్కువ, ఇలా మింగిన మాటలతో నిండేదే ఎక్కువ.

అందరూ వెళ్ళాక అతనే అన్నాడు, ఆమె మొహం చూడకుండా:

"రేపట్నుంచి మానేస్తావుగా."

అది అడగడం కాదు.

*

మూడేళ్ళ కిందట గని మూతపడింది. ఆ తర్వాత సర్కారు రోడ్డు పనులు మొదలుపెట్టింది, ఇంటికొక పని కార్డు చొప్పున. మాతూష్ కూడా పార పట్టుకుని వెళ్ళాడు. గనిలో పాతికేళ్ళు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు రెండు నెలలకే మొరాయించాయి. మనిషి రోడ్డు పక్కన కూలబడితే నలుగురు మోసుకొచ్చారు. ఇక పనికి పనికిరాడని డాక్టరు రాసిచ్చాడు. ఇద్దరు కూతుళ్ళు ఫిలడెల్ఫియాలో ఎవరిళ్ళల్లోనో పనికి కుదిరి, వాళ్ళ పొట్ట వాళ్ళు పోసుకుంటున్నారు. ఇక మిగిలింది వెరోనా. కార్డు ఆమె పేరుకి మారింది. ఆఫీసులో టైపు కొట్టే పిల్ల ఏమీ ఆలోచించకుండా కొట్టింది: ఇంటి యజమాని — వెరోనా హుదాక్.

ఆ కాగితం చూసి మాతూష్ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఒకే మాట అన్నాడు: "ఇంక మీసాలు కూడా పెంచుకో."

ఆమెకిచ్చిన పని ఏమిటంటే, జబ్బుపడ్డ తల్లులున్న ఇళ్ళకి వెళ్ళి ఇల్లు నడపడం. వంట, ఉతుకుడు, పిల్లల స్నానాలు, రోగి పక్క మార్చడం. మాతూష్ నవ్వాడు. "ఇంట్లో రోజూ చేసేదే కదా! దానికి జీతమేంటి? రేపు ఊపిరి పీల్చుకున్నందుకు కూడా ఇస్తారేమో, అప్పుడు మాత్రం నేను ఫెయిలైపోతాను." తన దగ్గు మీద తనే వేసుకున్న జోకు అది. వెరోనాకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రొట్టెపిండి పిసుకుతూ ఉండిపోయింది.

ముందు చర్చి నేలమాళిగలో రెండు వారాలు నేర్పారు. నేర్పినావిడ మిస్ ప్రిచర్డ్, గుండీలు మెడ దాకా పెట్టుకునే సన్నటి మనిషి. సర్కారు పంచిన పసుపుపచ్చటి పెద్ద పళ్ళు, పంపరపనస లాంటివి, ఉడకబెట్టకుండా పచ్చివే ఒలిచి తినాలని ఆవిడ చెప్పినప్పుడు వెరోనా ఒక్కతే కాదు, సగంమంది ఆడవాళ్ళు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అప్పటికే ఇంటింటా వాటిని కూరలా వండేశారు. వెరోనా అత్తగారు బార్బొరా వాటిని ఉల్లిపాయలేసి మూడు గంటలు ఉడకబెట్టి, ఫోర్కు దిగక, "ఇంత మొండి కూర ఏ దేశంలోనూ చూళ్ళేదు" అని సర్కారుని తిట్టి పందికి పడేసింది. పంది కూడా తినలేదు.

ఆ నేలమాళిగలోనే రోగి మంచం మీద ఉండగా దుప్పటి మార్చడం నేర్చుకుంది. రోగిని ఒక పక్కకి ఒత్తిగిలించి, పాత దుప్పటిని వీపు దాకా చుట్టచుట్టి, దాని పక్కనే కొత్తది పరిచి, ఆ చుట్ట మీదుగా మనిషిని ఇటు పొర్లించి, అటు నుంచి లాగాలి. మనిషికి ఎక్కడా కుదుపు తెలియకూడదు. చివర్న నాలుగు మూలలూ ఉత్తరం కవరులా మడిచి పరుపు కిందకి తొయ్యాలి. వెరోనా చేశాక మిస్ ప్రిచర్డ్ మంచం చుట్టూ తిరిగి చూసింది. "చాలా బాగుంది మిసెస్ హుదాక్. నాలుగు మూలలూ." అంతే అంది. నలభై రెండేళ్ళ మనిషి వెరోనా. వేసిన పక్కల్ని లెక్కపెడితే ఏ పదహారు వేలో అవుతాయి. బాగుందన్న మాట వినడం అదే మొదలు. ఇంటికి నడుస్తూ తనలో తనే సిగ్గుపడింది, దుప్పటి మూల బాగుందంటే ఇంత సంతోషమేంటి, పిచ్చిదానిలా అని. అయినా సందు తిరిగేదాకా ఆ సంతోషం తగ్గలేదు.

డఫీల ఇంట్లో మొదటిరోజు ఇంకో వింత. నోరా డఫీ గుండెజబ్బుతో మంచాన ఉంది. ఆమె మొగుడు రోడ్డు పని నుంచి వచ్చి, టోపీ తీసి, కుర్చీ లాగి, "కూచోండమ్మా, టీ తాగి వెళ్ళండి" అన్నాడు. వెరోనా కూర్చుని టీ తాగింది. సగం తాగాక తెలిసింది తనకి ఏది కొత్తగా ఉందో. తన ఇంట్లో తను టీ ఎప్పుడూ నిలబడే తాగింది. ఒక చేత్తో కప్పు, ఇంకో చేత్తో గరిటె. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చో అని కూడా ఎవరూ అనలేదు.

*

మంగళవారం మిస్ ప్రిచర్డ్ ఆఫీసుకి పిలిచి కూర్చోబెట్టింది. అప్పటికే కబురు చేరిపోయింది. మా లోయలో కాలు విరిగితే చప్పుడు ఆఫీసు దాకా వినిపిస్తుంది.

"రూలు ఇలా ఉంది మిసెస్ హుదాక్. ఇంట్లో రోగి ఉండి చూసుకునే దిక్కు లేకపోతే, ఆ ఇంటి ఆడమనిషి పనికి అందుబాటులో లేనట్టే. పేరు తీసెయ్యాలి. మళ్ళీ రావాలంటే వెనక అరవైమంది ఉన్నారు."

"చూసుకునే దిక్కుంది."

"ఎవరు?"

"మా ఆయన."

మిస్ ప్రిచర్డ్ కలం ఆగింది. "అంటే... ఆడవాళ్ళెవరైనా అని."

"ఆ కాగితంలో ఆడవాళ్ళని రాసుందా అండీ?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాగితం రెండువైపులా చదివింది. "రాసిలేదు," అంది చివరికి. "రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరికీ తట్టి ఉండదు." ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. "రేపు సెలవు తీసుకోండి. గురువారం మీరు పనికి రావాలి. మీరు లేనప్పుడు తనిఖీకి ఒకావిడ మీ ఇంటికొస్తుంది. రోగి శుభ్రంగా, ఇల్లు నడుస్తూ కనబడితే కార్డు ఉంటుంది. లేకపోతే నేను కూడా ఏం చెయ్యలేను."

ఇంటికి నడుస్తూ వెరోనా ఆలోచించింది. మానేస్తే ఏమవుతుంది? మళ్ళీ సర్కారు దానంగా ఇచ్చే రిలీఫు సంచి కోసం వరసలో నిలబడాలి. అది భరించొచ్చు, ఇంతకుముందూ భరించారు. జీతం పోతే వంటింట్లో మీగడ పోతుంది, మాతూష్ దగ్గుమందు పోతుంది, అదీ నిజమే. కానీ ఆమె గొంతులో అడ్డంపడింది మీగడ కాదు. పొద్దున కోటు వేసుకుని, తలుపు తన వెనక మూసుకున్నాక, కొండ దిగే ఆ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు తను ఎవరికీ ఏమీ కాదు. చేతులు జేబుల్లో ఉంటాయి. పెళ్ళైనప్పట్నుంచి తన చేతులు ఖాళీగా ఉన్న వేళ అదొక్కటే. దాని కోసం ఉద్యోగం కావాలంటే ఎవరైనా నవ్వుతారు. ఎవరికీ చెప్పదు కాబట్టి ఎవరూ నవ్వరు.

మాతూష్ మొత్తం విని లేచి నిలబడ్డాడు.

"నన్నా? తల్లి పక్క నా చేత మార్పిస్తావా? గనిలో దూలాలు నిలబెట్టిన చేతులివి!"

"దుప్పటి దూలమంత బరువుండదు."

"వీధిలోవాళ్ళు చూస్తే?"

"నన్ను ఇరవై రెండేళ్ళు చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు."

లోపలి గదిలోంచి అత్తగారు అరిచింది: "వాడొద్దే! నాకు సిగ్గు. నువ్వుండు!"

మాతూష్ గొంతు తగ్గించాడు. ఈసారి రోషం కాదు, భయం. "అదికాదు వెరోనా. నేను నీళ్ళు మోస్తూ గిన్నెలు తోముతూ కనపడితే ఏం రాస్తారు? వీడు పని చెయ్యగలడు అని రాస్తారు. డాక్టరు కాగితం చెల్లదు. నీ కార్డు లాగేసి నా చేతికి మళ్ళీ పార ఇస్తారు. పార పట్టుకుంటే నేను..." మిగతాది దగ్గులో కలిసిపోయింది.

వెరోనా అతని వీపు రాసింది. ఆ దగ్గు ఆగేదాకా రాసింది. గనిలో ఎంత చీకటి తిన్నాడో ఈ మనిషి, పార అంటే పసివాడిలా బెదురుతున్నాడు. జాలేసింది. జాలేసినప్పుడే ఆ సంగతి తట్టింది, ఎన్నాళ్ళనుంచో కళ్ళముందే ఉన్నట్టు.

"భయపడకు," అంది. "ఇంటిపనిని ఎవరూ పనిగా రాసుకోరు."

అతను అర్థంకానట్టు చూశాడు. లోపల్నుంచి మళ్ళీ అత్తగారి గొంతు, ఈసారి ఏడుపు జీరతో: "అసలు ఆ పొద్దున నాలుగు గుప్పిళ్ళ బూడిద చల్లుంటే ఈ పీడే ఉండేది కాదు కదే! ఎందుకు చల్లలేదే?"

వెరోనా పొయ్యి వైపు తిరిగింది. కుండ మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఈ రెండు రోజులూ వినపడినట్టే ఇప్పుడు కూడా పావ్లీనా మాట చెవిలో గింగురుమంది.

"నాకు చెప్పి వెళ్ళిందమ్మా," అన్నాడు మాతూష్. నేల చూస్తూ అన్నాడు. "నేనే చల్లలేదు."

లోపల్నుంచి ముసలామె అంది:

"అయితే పడేసినవాడే లేపాలి. రారా, నేర్చుకో. నిన్ను నేను కడగలేదా ఏంటి? ఇద్దరికీ సిగ్గు చెల్లు."

*

బుధవారమంతా బడి నడిచింది. నీళ్ళ బకెట్ నిండా తెచ్చి వాకిట్లోనే ఆయాసంతో కూలబడ్డాడు మాతూష్ మొదటిసారి. "సగం బకెట్ తే, రెండుసార్లు తే, మధ్యలో కూర్చో. నిన్నెవరూ తరమట్లేదు," అంది వెరోనా. ఆ మాట అంటున్నప్పుడు, తనతో అలా ఎవరైనా అనుంటే ఎలా ఉండేదో అనుకుంది. బంగాళాదుంప చెక్కు తీస్తే దుంప కన్నా చెక్కే లావుగా వచ్చింది. సూప్‌లో ఉప్పు రెండుసార్లు వేశాడు. ఇక దుప్పటి. తల్లిని మంచివైపుకి ఒత్తిగిలించి, చుట్టబోయి, దుప్పటితో పాటు తల్లిని కూడా చుట్టేశాడు.

"ఒరేయ్, ఇంకా చావలేదురా! అప్పుడే చుట్టేస్తున్నావేంట్రా!"

ముసలామె మొదట తిట్టింది, తర్వాత నవ్వింది. నవ్వితే తుంటి నొప్పి పుట్టి మళ్ళీ తిట్టింది. మాతూష్ కూడా నవ్వాడు. ఆ గదిలో ఆ ముగ్గురూ కలిసి నవ్వడం ఎప్పుడు జరిగిందో వెరోనాకి గుర్తులేదు. ఆమె అతని చేతుల మీద తన చేతులు పెట్టి మూల మడవడం చూపించింది. మొరటు చేతులు, గోళ్ళలో ఏనాటిదో బొగ్గు, ఎంత కడిగినా పోనిది. మూడు మూలలు ఎలాగో కుదిరాయి. గోడవైపున్న నాలుగో మూల మాత్రం అతనికి లొంగలేదు.

గురువారం పొద్దున ఆమె కోటు వేసుకుంటుంటే అతను అన్నాడు: "ఆవిడ ఏదైనా అడిగితే ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పు."

రోజంతా డఫీల ఇంట్లో చెయ్యి పని చేసింది, మనసు కొండ మీద ఉంది. నోరా తల దువ్వించుకుంటూ అంది: "ఇవాళ మీ చేతులొక్కటే వచ్చాయి మిసెస్ హుదాక్. మీరింకా రాలేదు." వెరోనా నవ్వి దువ్వెన తీసింది. ఇప్పుడు ఆవిడ వచ్చి ఉంటుంది. ఇప్పుడు మంచం కింద చూస్తూ ఉంటుంది. మాతూష్ కోపంలో ఏదో అనేసి ఉంటాడు. సూప్ మాడి ఉంటుంది. ఇప్పుడు రాసేస్తూ ఉంటుంది.

సాయంత్రం కొండ ఎక్కి వరస ఇళ్ళ మలుపు తిరిగాక ఆగిపోయింది. కుళాయి నుంచి తమ గుమ్మం దాకా మంచు మీద నల్లగా బూడిద. ఒకచోట గుట్టగా, ఒకచోట పలచగా, చల్లడం రానివాడు చల్లినట్టు. ఆ దారిమీద ఇన్నాళ్ళూ ఆమే పొద్దున్నే బూడిద చల్లి, సాయంత్రం దాని మీద నడిచొచ్చేది. వేరేవాళ్ళు చల్లిన దాని మీద నడవడం ఇదే మొదలు. కాళ్ళు జాగ్రత్తగా వేసింది, చెరిపేస్తానేమో అన్నట్టు.

లోపల బల్ల మీద గసగసాల రొట్టె ఉంది. పావ్లీనా తెచ్చిందట. "నా తమ్ముడు బంగారం, తల్లి పక్క తన చేత్తో మారుస్తున్నాడు" అని వీధి వీధంతా చెప్పిందట. ఫాదర్ కూడా ఆదివారం ప్రసంగంలో చెబుతానన్నాడట. ఒక రోజుకి ఒక రొట్టె, ఒక ప్రసంగం. ఇరవై రెండేళ్ళకి ఎన్ని రొట్టెలు కావాలో పావ్లీనా పొయ్యికి తెలియాలి.

"రావే, ఇలా రా!" అత్తగారు లోపల్నుంచి పిలిచింది. దిండుకి ఆనుకుని, జుట్టు దువ్వుకుని, పెళ్ళికూతురిలా వెలిగిపోతోంది. "వచ్చిందే ఆవిడ! టోపీ మీద ఈక. ముందు మంచం చూసింది, నా వీపు చూసింది, కుండలో గరిటె పెట్టి రుచి కూడా చూసింది. తర్వాత వీణ్ణి అడిగింది, ఇంటి యజమాని ఎవరు అని. వీడు నోరు తెరిచాడు, మూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. 'నా భార్య. పనికెళ్ళింది. సాయంత్రం వస్తుంది' అన్నాడు."

వెరోనా మంచం కోడు పట్టుకుంది. మాతూష్ వంటింటి గుమ్మంలో ఉన్నాడు, చొక్కా చేతులు తడిసి మోచేతుల దాకా.

"అక్కడితో అయిపోతేగా! ఆవిడ వీడి తడి చేతులు చూసి, అయితే నువ్వు పని చెయ్యగలవన్నమాట అంది. వీడు తెల్లగా అయిపోయాడు. ఇంక నేను ఊరుకున్నానా? నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కలిపి అరిచాను. 'ఏం పని తల్లీ? వాడేం పని చేస్తున్నాడు? ఇంటిపనేగా!' అన్నాను. ఆవిడ 'అవును, నిజమే' అని నవ్వి రాసేసుకుంది. కార్డు ఉంటుందని చెప్పమంది నీకు!"

ముసలామె గలగలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలోనే ఆగింది. తన రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంది. "యాభై ఏళ్ళు చేశాను కదే నేను కూడా," అంది మెల్లగా. వెరోనా మంచం అంచున కూర్చుని ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది.

మాతూష్ సూప్ గిన్నె తెచ్చి మంచం పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాగాడు. లాగినవాడు కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం రాసిందో చూశాను," అన్నాడు. "మగమనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఏ పనీ చెయ్యడం లేదు. అలా రాసింది, నా కళ్ళముందే." తడిసిన చొక్కా చేతుల్ని కిందికి లాక్కున్నాడు. "పొద్దున ఐదింటినుంచీ కూర్చోలేదు వెరోనా. ఒక్కసారి కూడా కూర్చోలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అందులో ఫిర్యాదు ఉంది, అలసట ఉంది, ఇంకా అతనికే పూర్తిగా అందని ఒక లెక్క ఉంది. ఎన్నో మాటలు వచ్చాయి ఆమెకి, ఇరవై రెండేళ్ళ మాటలు, అన్నీ ఒకేసారి తోసుకుంటూ.

"తెలుసు," అంది.

అతను తల వంచుకున్నాడు. అతనికి వినపడవలసినంతా వినపడింది.

లేవబోతూ చూసింది: గోడవైపు దుప్పటి నాలుగో మూల. మడత జారి, నాలుకలా వేలాడుతోంది. చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది, పదహారు వేల పక్కలు వేసిన చెయ్యి. సగం దూరం వెళ్ళి ఆగింది. వెరోనా ఆ చేతిని వెనక్కి తీసుకుంది.

"మూడు మూలలు చాలా బాగున్నాయి," అంది.

కుర్చీలో కూర్చుంది. సూప్‌లో ఉప్పు ఇవాళ కూడా రెండుసార్లు పడింది. వేడివేడిగా, చివరిదాకా, కూర్చునే తాగింది.